సీలు తీయని సెంటు సీసా

దెయ్యాల కథలు చెప్పి మా ఇంటి పిల్లలందరికీ అన్నం తినిపించినదాన్ని నేను. ఆ దెయ్యాలన్నీ నేను కల్పించినవే గనక, నాకు వాటిమీద నమ్మకం ఎప్పుడూ లేదు. ఇప్పుడు చెప్పేది మాత్రం కల్పించింది కాదు.

కువైట్‌లో ఇంటిపని చేసి సెలవు మీద వస్తున్నాను. అక్కడినుంచి వచ్చేవాళ్లు చేతులూపుకుంటూ రాకూడదు. ముసలివాళ్లకి నొప్పుల బామ్, చుట్టాలకి దుప్పట్లు, సబ్బులు, పిల్లలకి చాక్లెట్లు అన్నీ కొన్నాను. రూతక్కకి ఏం కొనాలో మాత్రం తేలలేదు.

రూతక్క నా తోడికోడలు. బావగారు పోయాక గిలకలదిండిలో చేపలు ఎండబెట్టే పనికి వెళ్తూ, నా కూతుర్ని తన కూతురిలా పెంచింది. ఎండలు ముదరకముందే ఒకసారి, ఏం తెమ్మంటావని ఫోన్లో అడిగితే నవ్వేసింది.

"నాకేం వద్దే. ఎంత సబ్బు రుద్దినా ఈ చేపల వాసన వదలట్లేదు. దానికేమన్నా మందుంటే తే."

అందుకే సెంటు కొందామని వెళ్లాను. సీసాల మీద పేర్లు నాకు చదవడం రాదు. ఒక్కొక్కటే చేతిమీద కొట్టించుకుని వాసన చూశాను. ముక్కు మొద్దుబారిపోతే కొట్టతను కాఫీ గింజలు వాసన చూడమన్నాడు. చివరికి ఒకటి నచ్చింది. మొగలిరేకుల్లో కాస్త మాడిన బెల్లం కలిపినట్టుంది. అదే రకం సీలు తీయని సీసా ఒకటి కొని, ఎవరికీ చెప్పకుండా దుప్పట్ల మధ్య పెట్టాను.

బందరులో బస్సు దిగి ఇంటికొచ్చాను. అక్క కావలించుకుంది. ఆమె చీరలోంచి అదే వాసన.

సీసా పగిలిందేమోనని కంగారుగా అట్టపెట్టె తాడు కోయబోయాను. అత్తగారు ఆపింది. మా ఇంట్లో ప్రార్థన కాకుండా పెట్టె విప్పరు. ప్రార్థన అయ్యేదాకా ఆ వాసన పీలుస్తూనే కూర్చున్నాను. తీరా విప్పి చూస్తే సీసా మీద పైకాగితం కూడా నలగలేదు.

అప్పుడు అత్తగారు మొదలుపెట్టింది.

"సముద్రంలో వేట ఆపిన రోజులనుంచీ ఇదే వరస అమ్మాయ్. మొగుడు లేని మనిషికి సెంట్లెక్కడివి? ఎవడు తెచ్చిస్తున్నాడు? ఆదివారం ప్రార్థనకి గుళ్లో ఆడాళ్లు దీని పక్కన కూచోవట్లేదు. నువ్వొచ్చాక పుట్టింటికి పంపేద్దామని మీ మావయ్యా నేనూ అనుకున్నాం."

"బైబిలు పట్టుకుని చెప్పాను కదత్తయ్యా. నేనేం కొట్టుకోలేదు," అంది అక్క. ఆమె గొంతులో బతిమాలడం కూడా అయిపోయింది.

వేట ఆపిన రోజులంటే వేసవి. నేను ఆ సెంటు కొన్నది ఇక్కడ వానలు పడ్డాక. అప్పటిదాకా దాని మొహం కూడా చూడలేదు. నాకేమీ అర్థం కాలేదు. కానీ అక్కని పంపేస్తారన్నది అర్థమైంది.

"నేనే పంపానత్తయ్యా," అన్నాను. "అక్కడ పనిచేసే గుడివాడ ఆవిడొకరు ముందుగా వస్తుంటే ఇచ్చాను. అది అయిపోతుందని ఇంకోటి తెచ్చాను. నేనొచ్చి చెబుతాను, ఎవరికీ అనొద్దని అక్కతో అన్నాను."

అత్తగారు సీసా అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆ ముక్క ముందే చెబితే ఏం పోయిందే నీకు?" అని అక్కని కసిరింది. అక్క తలొంచుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పెరట్లో ఇద్దరమే ఉన్నప్పుడు సీలు తీశాం. సీసా నిండుగానే ఉంది. అక్క చేతిమీద కొట్టాను. వాసన లేదు. నా చేతిమీదా కొట్టుకున్నాను. మంచినీళ్లలా ఉంది.

"నకిలీది అంటగట్టారే నీకు," అంది అక్క. సీసా మూత బిగిస్తూ, "మరి నా చీరలకి పట్టిందెక్కడిదే?" అంది.

సీసా నకిలీదే అనుకుందాం. నేను ఇంకా ఎంచుకోని వాసన వేసవిలోనే అక్క చీరల్లోకి ఎలా వచ్చింది? ఎంత ఆలోచించినా నాకు తెగట్లేదు.

గుళ్లో ఆడాళ్లు మళ్లీ అక్క పక్కన కూర్చుంటున్నారు. ఇంటికి ఎవరొచ్చినా అత్తగారు, నేను గుడివాడ ఆవిడతో పంపిన సెంటు గురించి గొప్పగా చెబుతుంది. అలా చెబుతున్నంతసేపూ అక్కా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోం.