తిప్పని దుప్పటి

మా ఇంట్లో దుప్పట్లన్నీ నేనే అల్లానని చాలామందికి చెప్పాను. కెనడాలో మేముండే రెజైనాకు కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు ఎవరైనా భోజనానికి వస్తే చాలు, సోఫా మీది దుప్పటి కొస పట్టుకుని, కనకాంబరం రంగు పక్కన వంకాయ రంగు ఎందుకు వేశానో తెలుసా అంటూ మొదలుపెట్టేవాణ్ణి. వాళ్ళు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. వంటింట్లో మా ఆవిడ గరిటె చప్పుడు ఉన్నట్టుండి పెరిగేది.

ఆ దుప్పట్లలో నా చెయ్యి బొత్తిగా లేదనలేను. ఊలు చిలపను నా రెండు మణికట్లకూ తగిలించి, ఎదురుగా కూర్చుని ఆవిడ ఉండ చుట్టుకునేది. సంకెళ్ళు వేసిన దొంగలా నేను చేతులు చాపుకుని కూర్చునేవాణ్ణి. ముక్కు దురద పెడితే ఆవిడే గోకాలి. గోకేది కాదు. "నిన్న వచ్చినవాళ్ళకి మీరే అల్లానన్నారుగా, మీ ముక్కు మీరే గోక్కోండి" అనేది.

ఈ ఊళ్ళో ఏడాదిలో సగం కాలం కిటికీ అవతల తెలుపు తప్ప మరో రంగు కనబడదు. మేము వచ్చిన కొత్తలో నేను ఉద్యోగానికి పోతే, పగలంతా ఆవిడ ఆ తెలుపును చూస్తూ ఒక్కతే ఉండేది. పక్కింట్లో ఒక ఉక్రేనియన్ ముసలమ్మ ఉండేది. చివర వంపు తిరిగిన ఒక్క సూదితో ఎంత పెద్ద దుప్పటైనా అల్లవచ్చని ఆమే నేర్పింది. ఆమె వాటిని ఆఫ్ఘన్లు అనేది. "ఇవాళ ఆఫ్ఘన్ మొదలుపెట్టానండీ" అని మా ఆవిడ మొదటిసారి అన్నప్పుడు, ఎవరో ఆఫ్ఘనిస్తాన్ పెద్దమనిషి ఇంటికి వస్తున్నాడనుకుని నేను గబగబా గడ్డం గీసుకున్నానని అందరికీ చెబుతుంటాను. అదీ కల్పనే. గడ్డం గీసుకునేంత ఓపిక నాకు అప్పుడూ లేదు.

అప్పటినుంచి ఇల్లంతా రంగులే. చిలకాకుపచ్చ, పసుపు, ఇటుక ఎరుపు, నెమలికంఠం. కుర్చీ చేతులకు, మంచాలకు, ఆఖరికి మైక్రోవేవ్ నెత్తిన కూడా.

కిందటి చలికాలం మొదట్లో ఆవిడ మా ఇంటి ముందు మంచు మీద కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆవిడను రెండు చేతుల మీదా ఎత్తుకుపోయి కారులో కూర్చోబెట్టానని ఫోన్లలో చెప్పాను. అసలు జరిగింది వేరు. ఆవిడే లేచి నిలబడింది. నేను కారు తాళాల కోసం తడుముకుంటుంటే, ఎడమచేత్తో నా కోటు జేబులోంచి తీసి ఇచ్చింది కూడా ఆవిడే. "కంగారుపడకండి, నెమ్మదిగా డ్రైవ్ చేయండి" అంది. పెదాలు తెల్లబడి ఉన్నాయి.

కట్టు విప్పాక చూస్తే వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఫిజియో అమ్మాయి పచ్చటి బంకముద్ద ఒకటి ఇచ్చి, రోజూ పిసకమంది. వాడకపోతే వేళ్ళు అలాగే బిగుసుకుపోతాయంది. ఆవిడ నాలుగు రోజులు పిసికింది.

"ఏమిటండీ ఇది? పూరీపిండిలా ఉంది. పిసికీ పిసికీ ఒక్క పూరీ అయినా వత్తేది లేదు."

అయిదో రోజున ఆ ముద్ద ఫ్రిజ్ పైకి చేరింది. కిచెనర్‌లో ఉండే మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, అమ్మ చేత ఎక్సర్‌సైజులు చేయిస్తున్నావా?" అని అడిగేది. "రోజూ రెండు పూటలా" అనేవాణ్ణి. ఆ మాట అంటూ ఫ్రిజ్ వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడేవాణ్ణి.

నిజానికి మా ఇద్దరికీ అలసటగా ఉండేది. ఆవిడకు జడ నేనే వేసేవాణ్ణి, గంట పట్టేది, చివరికి అది జడలా ఉండేది కాదు. వంట నాది. తినడం ఇద్దరిదీ, అది ఇంకా కష్టం. సాయంత్రం అయిదు కాకుండానే చీకటి పడేది. కిటికీ పక్కన బుట్టలో సగం అల్లిన దుప్పటి, దాని మీద సూది, చుట్టూ ఊలు ఉండలు. మా మనవరాలు యూనివర్సిటీ రెసిడెన్స్‌కు, అంటే హాస్టల్‌కు, తీసుకుపోతానని అడిగి చేయించుకుంటున్న దుప్పటి అది.

ఒకనాడు ఆవిడ బుట్ట వైపు చూడకుండానే అంది.

"దాన్ని సీనియర్స్ సెంటర్లో ఇచ్చేయండి."

"సగం దుప్పటి ఎవరిక్కావాలి?"

"ఊడదీసుకుంటారు. ఊలు మంచిదేగా."

ఆ బుట్ట గుమ్మం దాటితే ఆ చెయ్యి ఇక దేన్నీ పట్టుకోదని అనిపించింది. "ఇస్తాలే, ఈ మంచు కాస్త తగ్గనీ" అన్నాను. మా ఊళ్ళో ఆ మాటతో నెలలు గడపవచ్చు.

తరవాత నేనొక ఎత్తు వేశాను. ఆ దుప్పటిని నేనే అల్లుతానని కూర్చుని, కావాలని పాడుచేసి, చూడలేక ఆవిడే లాక్కునేలా చేశాను. మా అమ్మాయికి అలాగే చెప్పాను. "యు ఆర్ సో క్లెవర్, నాన్నా" అంది. మురిసిపోయాను. అందులో ఎత్తు లేదు. నేను నిజంగానే బాగా అల్లుదామని కూర్చున్నాను. పాడవడం దానంతటదే జరిగింది.

మిగిలిపోయిన ఊలు ముక్కతో నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆవిడ ఎదురు కుర్చీలో, చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుంది. సూది పట్టుకోలేదు కనుక ఉత్త చెయ్యే గాల్లో ఆడించి ఒకటి రెండుసార్లు చూపించింది. ఆ మాత్రానికే అలిసిపోయి, తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. ఇక నోటితోనే.

"దారం చుట్టండి. సూది లోపలికి పోనివ్వండి. లాగండి. మళ్ళీ చుట్టండి. అంత బిగించకండి, అదేమన్నా గేదె పలుపా?"

"బిగించకపోతే జారిపోతోందే!"

"జారనివ్వండి. జారితే ఏమవుతుంది? నేను జారలేదూ?"

అలా కొన్ని వారాలు. నాకు వరసలు రావడం మొదలైంది. ఒక మధ్యాహ్నం ఆవిడ కళ్ళు తెరిచి, నా చేతుల వైపు చాలాసేపు చూసింది.

"ఏమండీ, మీరేమిటి పుర్రచేత్తో అల్లుతున్నారు?"

చూసుకుంటే నిజమే. సూది ఎడమచేతిలో ఉంది. ఎదురుగా కూర్చుని, అద్దంలో చూసినట్టు, ఆవిడ కుడిచేతికి నా ఎడమచెయ్యి పెట్టి నేర్చుకున్నాను. నేను పుట్టుకతో పుర్రచెయ్యివాణ్ణనీ, చిన్నప్పుడు బడిలో కొట్టి మాన్పించారనీ, ఇన్నేళ్ళకు నా అసలు చెయ్యి బయటపడిందనీ మా మనవరాలికి చెప్పాను. ఆ పిల్ల వీడియోలో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "తాతా, దట్స్ సో శాడ్!" దానికి నిజం ఇంకా చెప్పలేదు. నన్ను బడిలో కొట్టినమాట వాస్తవమే, కానీ వేరే కారణాలకు.

మార్చుకుందామని చూశాను. కుడిచేతికి సూది ఇస్తే, పరాయివాళ్ళ చెయ్యిలా బిత్తరపోయింది. సరే, పుర్రచేత్తోనే ఆవిడ దుప్పటి అందుకున్నాను.

మామూలుగా అల్లేవాళ్ళు కుడి అంచున మొదలుపెట్టి ఎడమ అంచుకు పోతారు. అక్కడ దుప్పటిని వెనక్కి తిప్పుకుని, మళ్ళీ కుడినుంచి ఎడమకు వస్తారు. ఎన్ని వరసలుంటే అన్నిసార్లు తిప్పడమే. పుర్రచేతివాడి దారి దీనికి తలకిందులు, ఎడమనుంచి కుడికి. ఆవిడ ఆఖరి వరస ఎడమ అంచున ఆగి ఉంది. నేను అక్కడే అందుకుని, తిప్పకుండానే, కుడి అంచుదాకా వచ్చాను. రెండు సాయంత్రాలు పట్టింది. వంకరగా వచ్చింది. అక్కడికి చేరాక ఇక తిప్పుకుందామని దుప్పటి ఎత్తాను.

"ఆగండి. తిప్పకండి" అంది ఆవిడ.

"తిప్పకపోతే ఎలా? ఇటువైపు దారి అయిపోయిందిగా."

"మీకయిపోయింది. నాది అక్కణ్ణుంచేగా మొదలు."

ఆవిడ చెయ్యి చాపింది. సూది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలవలేదు. పిడికిట్లో, చిన్నపిల్లలు చెంచా పట్టుకున్నట్టు పట్టుకుంది. ఒక కుట్టు వేసింది. ఇంకోటి. ముఖం పక్కకు తిప్పుకుని నాలుగోది వేసి, సూది నా ఒళ్ళో పడేసింది. "ఇవాళ్టికి చాలు" అంది. ఆ రాత్రి నొప్పితో పడుకోలేదు. తెల్లారాక నేను బుట్ట మాట ఎత్తలేదు. కాఫీ తాగి ఆవిడే ఎత్తింది.

అప్పటినుంచి ఆ పద్ధతే. ఆవిడ వరస కుడినుంచి ఎడమకు. నా వరస ఎడమనుంచి కుడికి. దుప్పటి తిప్పే పని లేదు. పాత సగంలో వరస విడిచి వరస వీపు తిప్పి గట్టులా తేలి ఉంటే, ఈ సగంలో అన్ని వరసలూ ముఖం మావైపే పెట్టి ఉంటాయి. "ఇక్కణ్ణుంచి వేరే దుప్పటిలా ఉంది" అని ఆవిడ గొణిగింది. ఊడదీయమనలేదు.

అయితే నా వరస రెండు సాయంత్రాల పని. ఆవిడ వరస ఒక్కోసారి రెండు వారాలు. చెయ్యి వాచిన రోజుల్లో సూది వైపే చూసేది కాదు. నేను నా వరస ముగించి, కుడి అంచున, రైలు తప్పిపోయినవాడిలా కూర్చునేవాణ్ణి. వేసవి వచ్చింది, పోయింది. మనవరాలు రెసిడెన్స్‌కు వెళ్ళే రోజులు దగ్గరపడ్డాయి.

ఒక మధ్యాహ్నం ఆవిడ పడుకుని ఉంటే నాకు విసుగొచ్చింది. ఆవిడ మీద జాలితో చేశానని చెప్పుకోవచ్చు. జాలి కాదు, విసుగే. దుప్పటి తిప్పాను. ఆవిడ వరస నేనే అల్లేసి, మళ్ళీ తిప్పి పెట్టాను. దారం ఎడమ అంచుకు చేరింది, ఆవిడే అల్లినట్టు. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

లేచి వచ్చి, కళ్ళజోడు పెట్టుకోకుండానే, ఎడమచేత్తో దుప్పటిని తడిమింది.

"ఎవరు తిప్పారు?"

"ఏం తిప్పడం?"

"ఇక్కడ గట్టు తగులుతోంది. ఈ వరస వీపు మనవైపుంది. ఎవరు తిప్పారు?"

"రాత్రి నువ్వే అల్లావేమో. మర్చిపోయుంటావు."

ఆవిడ నావైపు చూసిన చూపు గురించి రాయను. "నా వరస నాకుండనివ్వరా మీరు? జడ మీరే, అన్నం మీరే కలుపుతారు, ఇదీ మీరేనా?" అంది. గొంతు పెద్దది చేయలేదు. దారం కొస పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. కుట్టు తరవాత కుట్టు టపటపా ఊడిపోతోంది. నేను శ్రమపడ్డ మధ్యాహ్నమంతా ఆవిడ ఒళ్ళో ముంగురుల్లా పోగవుతోంది. అంచుదాకా ఊడదీసి, ఆ ఊలును తిరిగి ఉండకు చుట్టింది.

అప్పుడు చూశాను. ఉండ కుడిచేతిలో ఉంది. వేళ్ళు దాని చుట్టూ, పూర్తిగా కాకపోయినా, మూసుకుని ఉన్నాయి. ఆ మాట పైకి అనబోయి ఊరుకున్నాను. ఇన్నేళ్ళలో నేను నోరు మూసుకున్న బహుకొద్ది సందర్భాల్లో అదొకటి.

చెయ్యి బాగయిపోయిందని మా అమ్మాయికి చెప్పాను. బాగవలేదు. వేళ్ళు అంతవరకే వచ్చి ఆగాయి. ఇంతకంటే రావచ్చు, రాకపోవచ్చు అంది ఫిజియో. మనవరాలు దుకాణంలో బూడిదరంగు దుప్పటి ఒకటి కొనుక్కుని రెసిడెన్స్‌కు వెళ్ళిపోయింది. "నో రష్, అమ్మమ్మా" అంది.

మళ్ళీ మంచు మొదలైంది. నాలుగు రోజులుగా నా వరస అయిపోయి కుడి అంచున ఉంది. ఆవిడ చెయ్యి దిండు మీద పెట్టుకుని, కిటికీలోకి చూస్తోంది. నా నడుము నొప్పిగా ఉంది, కళ్ళు మండుతున్నాయి, ఈ దుప్పటి మా ఇద్దరి ఓపికా ఉండగా పూర్తవుతుందన్న నమ్మకం నాకు లేదు. ఒక్కసారి తిప్పుకుంటే ముందుకు పోతుంది.

"చూస్తున్నాను, చెయ్యి వెయ్యకండి" అంది కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే.

"నేనెక్కడ వేశాను!" అని సూది వదిలేశాను.