చూడందే నమ్మని పెద్దమ్మ

పప్పుల కొట్టు పెద్దమ్మ ఏదీ కళ్లారా చూడందే నమ్మదు. డాక్టరిచ్చిన మాత్రనైనా విరిచి, లోపలేముందో చూశాకే మింగుతుంది.

పెసలకు పురుగు పట్టడంతో, కోడలు వాటిని డబ్బాలో అంచుదాకా పోసి, గాలి చొరకుండా మూత బిగించింది. "లోపలున్న గాలి అయిపోతే పురుగులు వాటంతటవే చస్తాయత్తయ్యా," అంది.

పెద్దమ్మ రోజూ పొద్దున్నే మూత తీసి, చచ్చాయో లేదో చూసేది. నెల గడిచినా అవి హాయిగా తిరుగుతూనే ఉన్నాయి.

"నీ డబ్బా ఎందుకూ పనికిరాదే," అంది కోడలితో.

"రోజూ మీరే గాలి పోస్తుంటే ఎలా చస్తాయి?"

మర్నాడు పెద్దమ్మ పెద్ద గాజు సీసా తెచ్చి, ఆ పెసలే నింపి, మూత చుట్టూ మైనం పూసింది. దాని ముందు పీట వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది.