పంటు మీద బిగుసుకున్న గేరు

బండ్లనీ మనుషుల్నీ దాటించే పంటు గోదావరి దాటి సఖినేటిపల్లి రేవులో ఆగింది. ముందున్న రేకు దించారు. అన్నిటికంటే ముందు నా కారు, దాని వెనక ఇంకో కారు, ఆ వెనక కొబ్బరికాయల వ్యాను. మోటారు సైకిళ్లన్నీ సందు చూసుకుని దూరి వెళ్లిపోయాయి. మిగిలినవాళ్లు దిగాలంటే నేను కదలాలి.

నేను కదలలేదు. నాది పాత ఆటోమేటిక్ కారు. బండి ఆపినప్పుడు గేరు రాడ్డును 'పి' అన్న అక్షరం దగ్గర పెడతాం. అక్కడుంటే చక్రాలు బిగుసుకుంటాయి. మళ్లీ బ్రేకు తొక్కితేనే రాడ్డు వదులుతుంది. తొక్కాను. ఒక చేత్తో కాదు, రెండు చేతులతో లాగాను. గోడకి కొట్టిన మేకులా ఉంది.

"ఏంటండీ మేడం గారూ, తియ్యండి బండి," అన్నాడు పంటు మీద పనిచేసే ఆయన.

"గేరు రావట్లేదండి."

"మీరు దిగండి, మేం తోసేస్తాం."

"తోసినా కదలదు. చక్రాలు లాకయిపోయాయి."

ఆయన నమ్మలేదు. నలుగురొచ్చి తోశారు. కారు ఊగింది, లోపల నేనూ ఊగాను. దిగుదామంటే నా వైపు తలుపుకి పంటు కమ్మీలు అడ్డం. పక్క సీటు మీదుగా పాకి అటు దిగడం వేరేవాళ్లకి చిన్న పని. పోలియో వచ్చిన ఎడమకాలితో, చీరతో, అంతమంది చూస్తుండగా నా వల్ల కాదు. అద్దాలు బిగించుకుని కూర్చున్నా, వ్యాను దగ్గర్నించి "ఆడాళ్లకి ఎందుకండీ ఈ కార్లు" అన్న మాట చక్కగా వినబడింది. అన్నదెవరో దిగి చూసే వీలు కూడా లేకపోయింది.

ఫోనులో వెతికితే మలయాళంలో ఎవరో పెట్టిన వీడియో దొరికింది. మాట ఒక్కటీ అర్థం కాలేదు గాని, చూపించే వేలు అర్థమైంది. గేరు పక్కన చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. పిన్నీసుతో దాన్ని ఊడదీసి, లోపల ఉన్న బొడిపెని పెన్నుతో నొక్కిపట్టి లాగితే రాడ్డు కదిలింది. ఒడ్డెక్కాక వెనకవాళ్లందరూ వెళ్లిపోయేదాకా రోడ్డు పక్కన ఆగాను, 'పి' జోలికి పోకుండా హ్యాండ్ బ్రేకు వేసుకుని.

నేను నరసాపురంలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఇల్లు గోదావరికి ఇవతల, సఖినేటిపల్లి వైపు. కారు కొనకముందు మా ఆయన తన ఎరువుల కొట్టు వదిలేసి స్కూటరు మీద దింపి, తీసుకొచ్చేవారు. ఒక్కనాడూ విసుక్కోలేదు. కాని కొట్లో బేరం తెగి ఆయన వచ్చేదాకా నేను స్టాఫ్ రూములో కూర్చోవాలి, అటెండరు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడాలి. క్లచ్చు లేని ఈ కారుకి ఎడమకాలితో పని లేదు. ఇది వచ్చాక సాయంత్రం ఎప్పుడు బయల్దేరాలో నేనే అనుకునేదాన్ని. దారిలో ఆగి జామకాయలు కొనుక్కుంటే ఎవరికీ చెప్పక్కర్లేదు. అంత సుఖం అంతకుముందు ఎరగను.

పంటు సంగతి నాకంటే ముందే ఇంటికి చేరింది.

"అమ్మేద్దాం," అన్నారాయన, నేను చెప్పులు విప్పుతుండగానే.

"రిపేరు చేయించకుండానా?"

"రేవులో ఆగింది కాబట్టి సరిపోయింది. రేపు రైల్వే గేటు దగ్గర ఆగితే? నేను దింపుతాగా, ఎప్పట్లాగే."

ఎప్పట్లాగే అన్న మాట ప్రేమగానే అన్నారు. నాకు మాత్రం తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అటెండరు గుర్తొచ్చాడు. ఊళ్లో మెకానిక్కు కూడా, గేరుబాక్సు పోయి ఉంటుందండి, రాజమండ్రి పంపాలి అన్నాడు. మా ఆయనకి ఇంకేం కావాలి?

మర్నాడు చీకటిపడే వేళ కారుని ప్రహరీగోడ వైపు వెనక్కి తీస్తూ బ్రేకు తొక్కితే, గోడ మీద ఎర్రటి వెలుగు పడలేదు. బ్రేకు లైట్లు వెలగడం లేదన్నమాట. నేను తొక్కిన సంగతి లైట్లకే తెలియకపోతే గేరుకి ఎలా తెలుస్తుంది? ఆ లైట్ల ఫ్యూజు తీసి చూస్తే మాడిపోయి ఉంది. కొత్తది వేశాను, గేరు వెన్నలా కదిలింది. నాలుగు రోజులు బాగానే తిరిగాను. గేదె అడ్డొచ్చి గట్టిగా బ్రేకు కొట్టిన రోజు మళ్లీ మాడింది. అప్పుడు గుర్తొచ్చింది, నరసాపురంలో పంటు ఎక్కి కమ్మీ దగ్గర ఆపేటప్పుడూ గట్టిగానే తొక్కాను.

ఆదివారం టార్చి పట్టుకుని, నడుము సీటు మీద, తల పెడల్ దగ్గర పెట్టి పడుకున్నాను. చదువుకునే రోజుల్లో కప్పలో నరం వెతికిన ఓపిక పనికొచ్చింది. కారుది కాని సన్నటి వైరు ఒకటి కనబడింది. దాన్ని పట్టుకుని పైకి వెళితే డ్యాష్‌బోర్డు మీది దేవుడి పటం దగ్గర తేలింది. కారు కొని పూజ చేయించిన రోజు మా ఆయన ఆ పటం చుట్టూ బుల్లి బల్బులు పెట్టించారు. బ్రేకు తొక్కినప్పుడల్లా అవి వెలుగుతాయి, పగటిపూట వెలిగిందీ లేనిదీ తెలియదు. నా డ్రైవింగు మీద ఆయనకున్న భయానికి అదొక మందు. బల్బులు పెట్టినవాడు బ్రేకు వైరు తొక్క ఒలిచి, దీన్ని మెలిపెట్టి టేపు చుట్టాడు. మన ఎండలకి టేపు జిగురు కారిపోయి రాగి బయటపడింది. గట్టిగా తొక్కితే పెడల్ ఇనుము దానికి తగిలి ఫ్యూజు మాడిపోతోంది.

నన్ను కాపాడటానికి పెట్టించిన బల్బులే నన్ను పంటు మీద కట్టిపడేశాయి. నవ్వాలో తిట్టాలో తెలియక, అలా పడుకునే రెండూ చేశాను.

ఆ వైరు తీసేసి, అతుకు మళ్లీ గట్టిగా చుట్టి, ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన వంగి చూశారు, గేరు నాలుగుసార్లు కదిపి చూశారు.

"అమ్మయ్య. ఇప్పుడు మంచి కండిషన్లో ఉందని ధైర్యంగా చెప్పి అమ్మొచ్చు," అన్నారు.

బాగుచేయకపోతే పాడైందని అమ్ముతారు, చేస్తే బాగుందని అమ్ముతారు. కారు ఆయన పేరు మీదే ఉంది.

రాజోలు నుంచి ఒక రిటైరైన హెడ్మాస్టరు గారు చూడటానికి వచ్చారు. మామూలు గేర్ల కారు మీద నేర్చుకున్న మా ఆయన ఎడమకాలు ఇప్పటికీ క్లచ్చు కోసం వెతికి బ్రేకు మీద పడుతుంది. అందుకని నడిపి చూపించే పని నాకే పడింది. హెడ్మాస్టరు గారు నా పక్కన, మా ఆయన వెనక. కాలవగట్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరొస్తే, కల్వర్టు దాకా వెనక్కి తీసి దారిచ్చాను. కావాలని చెడ్డగా నడిపితే ఈ బేరం పోతుందని తెలుసు. చెయ్యి రాలేదు.

ఇంటి ముందు ఆపాక హెడ్మాస్టరు గారు, "సందేహిస్తూనే వచ్చానండి. అమ్మగారు నడపడం చూశాక నమ్మకం కుదిరింది," అన్నారు.

"వైరింగు కూడా తనే బాగుచేసిందండి," అన్నారు మా ఆయన వెనక నుంచి, ఎంతో గర్వంగా.

ఆ గర్వానికే నాకు ఒళ్లు మండింది.

"నమ్మకం కుదరాల్సింది మీకు కాదండి. వెనక కూర్చున్నాయనకి," అన్నాను.

హెడ్మాస్టరు గారు పెద్దమనిషి. సీటు బెల్టు విప్పుకుని, మళ్లీ ఫోను చేస్తానండి అని దిగి వెళ్లిపోయారు. మా ఆయన దిగలేదు. నేనూ దిగలేదు.

నా సీటు పట్టుకుని ముందుకి వంగి, "ఆ ట్రాక్టరు వచ్చినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది," అన్నారు.

"నాక్కాలేదండి," అన్నాను.