ఆన్‌లైన్ ఫైలు బస్సులో వెళ్లింది

ఎల్లారెడ్డి తహసీల్దారు ఆఫీసులో నేను బల్ల మీద ఒక్క దెబ్బ కొడితే ఆగిన ఫైలు కదిలిందని ఊరందరికీ చెప్పుకున్నాను.

ఆ రోజు నేనూ నా భార్యా కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కాం. పక్క సీట్లో ఒకామె ఒక కవరును ఒడిలో భద్రంగా పట్టుకుని కూర్చుంది. కూతురి కాలేజీ సీటుకు ఆదాయం సర్టిఫికెట్ కావాలట, ఆ సాయంత్రమే గడువట. ఆన్‌లైన్‌లో పెట్టిన దరఖాస్తు ఒక సారు లాగిన్‌లో ఆగిపోయింది. ఆ సారు కామారెడ్డికి బదిలీ అయ్యాడు. దాన్ని ఎల్లారెడ్డిలో కొత్త సారుకు మార్చాలంటే పాత సారు కాగితం మీద సంతకం పెట్టివ్వాలి. ఆ కాగితమే కవర్లో ఉంది.

"గా కాగితం కంప్యూటర్ల పంపరాదా?" అన్నాను.

"పంపరాదట బాపు. నన్నే తెమ్మన్నరు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఫైలేమో ఇంటర్నెట్ల పోతదట, దాని సంతకం మోసుకుంట నువ్వు బస్సుల పోవాల్నా? గిదేం ఆన్‌లైన్?" అని బస్సంతా వినేలా తిట్టాను.

నిజం ఒప్పుకోవాలి. నేను బల్ల కొట్టలేదు. ఆమెతోపాటు బస్సు దిగి వెళ్లి ఆఫీసులో ఆమె వెనక నిలబడ్డాను, అంతే. కాగితం చూసి గుమాస్తా "రేపు రామ్మా" అన్నాడు. ఆమె కుర్చీ లాక్కుని అతని ఎదురుగానే కూర్చుంది.

"అయ్యేదాంక గీన్నే ఉంట సార్," అంది.

సాయంత్రంలోపే సర్టిఫికెట్ చేతికొచ్చింది.

ఇంతవరకు రాసి నా భార్యకు చదివి వినిపించాను.

"ఆమె వెనక నిలబడ్డది నేను," అంది. "నువ్వు గేటు బయట చాయ్ తాగుకుంట తిట్టుడు తప్ప చేసిందేంది?"