పడుగు అయ్యేదాకా పిల్లర్ లేదు

చిన్న కట్టడాల దగ్గర పని ఎవరి మాట మీద నడుస్తుందన్నది నా మేనేజ్‌మెంట్ పరిశోధన. పెద్ద కంపెనీల గురించి అందరూ రాశారు, మరమగ్గాల షెడ్డు మీద అంతస్తు లేపేవాళ్ళను చూసి రమ్మన్నారు మా గైడు. హైదరాబాద్‌లో తెల్లవారుజామున రైలెక్కి పదకొండు దాటాక సోలాపూర్‌లో దిగాను. స్టేషన్ నుంచి దాజీ పేట్‌కు ఆటో ఎనభై రూపాయలు. "చద్దర్లు కొననీకె వచ్చినవా అక్కా?" అని తెలుగులోనే అడిగాడు డ్రైవర్. ఆ పేటలో చాలామంది తెలంగాణ నుంచి వలసవచ్చిన నేతవాళ్ళే. కట్టడం పని చూడటానికన్నాను. "బిల్డింగులు చూడనీకె హైదరాబాద్ నుంచి ఇక్కడికా?" అని అద్దంలోంచి ఎగాదిగా చూశాడు. నాకూ అప్పుడే అనుమానం మొదలైంది.

షెడ్డులో మగ్గాలు దడదడలాడుతూనే ఉన్నాయి. మూడు పిల్లర్లకు గుంతలు తీశారు. నాలుగోది సరిగ్గా నర్సయ్య మగ్గం ఉన్నచోట రావాలి. ఎప్పుడు తీస్తారని మేస్త్రీ శంకర్‌ని అడిగాను. "నర్సన్న పడుగు ఖతమైనంక," అన్నాడు. మగ్గానికెక్కించిన నిలువు పోగులే పడుగు. అది పూర్తిగా నేసేదాకా మగ్గాన్ని కదపరట. ఎన్ని రోజులని నర్సయ్యనడిగితే, "కరెంటుంటే జల్ది, లేకుంటే లేటు. మేస్త్రీకి ఎరుకే," అన్నాడు. షెడ్డు మాలిక్ విఠల్ సేఠ్ ఇంకా నయం: "వాళ్లిద్దరు సమ్జాయించుకుంటరు. నాకేం తెల్సు?" నా ప్రశ్నపత్రంలో 'నిర్ణయం ఎవరిది' అన్న గడి ఖాళీగానే ఉండిపోయింది.

అర్థం చేసుకుందామని ఒక పెద్ద కాగితం మీద పనుల పట్టీ గీశాను. నాలుగో గుంతకు ఎదురుగా, ఉదాహరణకని, ఆ రోజు తేదీయే వేశాను. దాన్ని గోడకు అంటించి భోజనానికి వెళ్ళాను. సందు చివర ఖానావళిలో జొన్నరొట్టె, పల్లీల శేంగా చట్నీ తొంభై రూపాయలు. పట్టీ సంగతి చెబితే రొట్టెలు చేసే అవ్వ, "కాయిదం మీద ఎక్కిందంటే పక్కా మాటే బిడ్డా. ఈడ ఉత్తగ ఎవ్వలు రాయరు," అంది. ఆ మాట నా తలకెక్కలేదు. ఇంకో రొట్టె అడిగాను.

తిరిగి వచ్చేసరికి ఆ మగ్గం ఆగి ఉంది. నర్సయ్య తన చేత్తోనే కత్తెర పట్టి పడుగు కోస్తున్నాడు. పక్కన మేస్త్రీ గడ్డపార పట్టుకొని నిలబడ్డాడు. ఆపండి, అది నాకు అర్థం కావడానికి రాసుకున్నదని అరిచాను.

"నీ కోసం రాసుకుంటే గోడకెందుకు పెట్టినవ్ మేడం?" అన్నాడు సేఠ్. "నువ్వు ఇంజినీరువు, తారీఖు ఫైనల్ చేసినవనుకున్నం."

కత్తెర ఆగింది గానీ, జానెడు వెడల్పున పోగులు అప్పటికే తెగిపోయాయి. ఆ చద్దర్లు ఆదివారానికి ఇవ్వాల్సినవట. సిగ్గుతో చచ్చిపోయాను.

నర్సయ్య తిట్టలేదు. తెగిన కొసలు నా చేతికిచ్చి, "వదలకు, చిక్కు వడ్తది," అని ఒక్కొక్క పోగే ముడి వేయసాగాడు. మేస్త్రీ గడ్డపార మూలకు పెట్టి వేరే పనికి పోయాడు. పొమ్మని ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం అయిదింటికి మగ్గం మళ్ళీ కదిలింది. "మీ సదువుల మేనేజ్‌మెంటంటే గిదేనా?" అన్నాడు నర్సయ్య. ఎగతాళో, నిజంగా అడుగుతున్నాడో తేల్చుకోలేకపోయాను. ఆ ముగ్గురిలో ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో నాకిప్పటికీ తెలియదు. అటు వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. పడుగు ఇంకా ఎంత ఉందో అడిగాకే పెన్ను తీయండి. అడగకుండా నేను వేసిన ఒక్క తేదీకి నర్సయ్య పూటంతా ముడులు వేశాడు.