రెండో మనిషి సంతకం

విజిల్ తాత అసలు పేరు సంఘం రిజిస్టర్లో ఉంది గానీ, దాన్ని ఎవరూ వాడిన పాపాన పోలేదు. ముప్పై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. బస్సును వదిలాడు గానీ విజిల్‌ను వదల్లేదు. అది ఇప్పటికీ నల్లతాడుతో మెడలో వేలాడుతూనే ఉంటుంది. చుట్టాలింట్లో భోజనానికి కూర్చున్నా తలలు లెక్కపెట్టుకున్నాకే ముద్ద నోట్లో పెడతాడని ఆయన భార్య చెబుతుంది. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు.

సంఘమంటే పెద్దదేమీ కాదు. మందుల షాపు మీద రెండు గదులు, ఎక్కడానికి ఇరవై రెండు మెట్లు. శని, ఆదివారాల్లో పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పుతారు, కథలు చెబుతారు. మిగతా రోజుల్లో ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు వచ్చి క్యారమ్స్ ఆడతారు, ఒకరు పేపరు చదివితే పదిమంది తప్పులు పడతారు. అధ్యక్షురాలు రిటైరైన హెడ్మాస్టరమ్మ. పిల్లల భద్రత, ఆసరా కావలసిన పెద్దవాళ్ల భద్రత చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలని ఆవిడ ఒక మీటింగులో ప్రతిపాదించింది. అందరూ నేలచూపులు చూశారు. ఆ సమయానికి విజిల్ తాత టీ తాగడానికి కిందికి వెళ్లాడు. పైకొచ్చేసరికి ఆయన్ని ఏకగ్రీవంగా ఎన్నుకుని చప్పట్లు కొడుతున్నారు.

పోనీలే, ఏదో పేరుకు పదవి అనుకున్నవాళ్ల రోగం వారంలోనే కుదిరింది. మర్నాడే ఆయన ఒక పొడవాటి నోటుబుక్కు కొన్నాడు. ముందు సగం పిల్లలకు, వెనక సగం ఆసరా కావలసిన పెద్దవాళ్లకు. పిల్లలున్న గది తలుపు మూయకూడదని గుమ్మానికి ఇటుక అడ్డం పెట్టాడు. కాగితాలు గాలికెగిరిపోతున్నాయని బొమ్మల టీచరు మొత్తుకుంటే, ఆ కాగితాల మీద పెట్టుకోమని ఇంకో ఇటుక తెచ్చిచ్చాడు. పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి, ఒక్కరే ఉండకూడదు. ప్రతి పనికీ రెండో మనిషి సంతకం కావాలి. ఇంటివాళ్లు రాసిచ్చిన కార్డు మీద ఎవరి పేరుంటే వాళ్లతోనే పిల్లల్ని పంపాలి.

ఒక ఆదివారం హెడ్మాస్టరమ్మే తన మనవరాలిని తీసుకెళ్లబోతే, కార్డు మీద మీ పేరు లేదండీ అని ఆపేశాడు. కోడలు ఫోనెత్తి అత్తగారేనని ఒప్పుకునేదాకా ఇరవై నిమిషాలు బెంచీ మీద కూర్చోబెట్టాడు. తనను పదవిలో పెట్టిన మనిషి నెత్తినే చెయ్యి పెట్టాడని ఆవిడ ఆ రోజంతా రుసరుసలాడింది. మర్నాటి నుంచి ఆ కథను ఆవిడే గొప్పగా నలుగురికీ చెప్పుకుంది.

ఇంత పట్టుదల గల మనిషికీ ఒక బలహీనత ఉంది. దాని పేరు డ్రైవర్ తాత. ముప్పై ఏళ్లు ఈయన రెండుసార్లు విజిల్ ఊదితే ఆయన బండి కదిలించాడు, ఒకసారి ఊదితే ఆపాడు. ఇద్దరూ ఒకే నెలలో రిటైరయ్యారు. దూరంగా ఉండే ఆరుగురు పిల్లల్ని తీసుకురావడానికి, దింపడానికి సంఘం పాత వ్యాన్‌ను ఇప్పుడు ఆయనే నడుపుతున్నాడు. నియమం ప్రకారం వ్యాన్‌లోనూ రెండో మనిషి ఉండాలి. కానీ వాడికి రెండో మనిషేమిటి, వాడి సంగతి నాకు తెలియదా అనుకున్నాడు విజిల్ తాత. వ్యాన్ కాగితం మీద రెండో మనిషి గడిలో ప్రతివారం తనే సంతకం పెట్టి, గదిలో కూర్చుని క్యారమ్ బిళ్లలు సర్దుకునేవాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డదంటే ఇదే మరి.

వ్యాన్ ఎక్కే పిల్లల్లో టైలరమ్మ మనవరాలు ఒకతె. తొమ్మిదేళ్లుంటాయి. నోరు మూయదు గనక అందరూ పిచ్చుక అంటారు. ఇల్లు డ్రైవర్ తాత పక్క వీధిలో, అందరికన్నా దూరం కాబట్టి వ్యాన్‌లో అందరికన్నా ముందు ఎక్కుతుంది, ఆఖరున దిగుతుంది. ఆ పిచ్చుక రెండు నెలలుగా కిచకిచలు మానేసింది. కళ్లు ఎర్రగా ఉంటున్నాయి. బొమ్మలు వేయమంటే కాగితం నిండా ఎర్ర సున్నాలు, ఆకుపచ్చ సున్నాలు గీసి, బల్ల మీద తలవాల్చి నిద్రపోతోంది. కళ్లకలకేమోనని టీచరు దూరంగా కూర్చోబెట్టింది. ఇంటికెళ్లే వేళకు మాత్రం పిల్ల బాత్రూములో దూరి ఎంతకీ బయటికి రావడం లేదు. తలలు లెక్కపెట్టే మనిషికి ప్రతిసారీ ఒక తల తగ్గుతుంటే తెలియకుండా ఉంటుందా?

ఒక శనివారం విజిల్ తాత తెరిచి ఉన్న తలుపు పక్కనే ఆ పిల్లను కూర్చోబెట్టి, ఏమైందమ్మా అని అడిగాడు. ఎవరికీ చెప్పనని ఒట్టేస్తేనే చెబుతానంది. పిల్లలకు అలాంటి మాట ఇవ్వకూడదని నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నది ఆయనే. అయినా ఆ ఎర్రకళ్లు చూసేసరికి మనసు కరిగి, ఆ చిన్న అరచేతిలో చెయ్యి వేసేశాడు.

"డ్రైవర్ తాతకి కళ్లు కనిపించట్లేదు," అంది పిచ్చుక. "నేను ముందు కూర్చుని ఎరుపో, ఆకుపచ్చో చెప్పాలి. మనిషి అడ్డమొచ్చినా చెప్పాలి. నేను కళ్లు మూస్తే గుద్దేస్తుంది. అందుకే మూయను."

విజిల్ తాత చెయ్యి మెడలోని విజిల్ మీదికి వెళ్లింది. ముప్పై ఏళ్లు తను చేసిన పని ఈ పసిదాని మీద పడింది. ఆరుగురి ప్రాణాలు రెండు నెలలుగా దీని రెప్పల మీద ఆధారపడి ఉన్నాయి. ఎవరికైనా చెబితే డ్రైవర్ తాత బతుకు పోతుందని కూడా పిల్లకు చెప్పారట. చెప్పింది ఎవరో అడగక్కర్లేదు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెబితే పిల్లకిచ్చిన ఒట్టూ పోతుంది, ముప్పై ఏళ్ల స్నేహమూ పోతుంది. చెప్పకపోతే ఇంకో గంటలో వ్యాన్ బయల్దేరుతుంది. ముందు డ్రైవర్ చెవిలో వేస్తే గుట్టుచప్పుడు కాకుండా తప్పుకుంటాడేమోనని పది మెట్లు దిగాడు. అక్కడ ఆగాడు. ఇదే పని ఇంకెవరైనా చేసి ఉంటే తను ఊరుకునేవాడా అనిపించింది. ఆ పది మెట్లూ తిరిగి ఎక్కాడు.

నేరుగా పిచ్చుక దగ్గరికే వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఒట్టు తప్పుతున్నానమ్మా. అసలు వేయకూడని ఒట్టు వేశాను, తప్పు నాది. నువ్వు మంచిపని చేశావు. ఇక నువ్వు రోడ్డు చూడక్కర్లేదు," అన్నాడు. పిల్ల ముఖం తిప్పేసుకుంది. ఆ తర్వాత ఆయన పిల్ల చెప్పిన మాటలు చెప్పినట్టే నోటుబుక్కులో రాసి హెడ్మాస్టరమ్మ ముందు పెట్టాడు. ఆవిడ చదివి, వ్యాన్ కాగితాలు తెప్పించి, ఇన్ని వారాలు రెండో మనిషిగా సంతకం పెట్టిందెవరని అడిగింది.

"నేనే," అన్నాడు. "అది కూడా రాశాను, కింద చూడండి."

ఆ రోజు వ్యాన్ కదల్లేదు. తాళం చెవులు అడిగి తీసుకోవలసింది కూడా విజిల్ తాతే. కళ్లు పరీక్ష చేయించుకోవాలనీ, అదయ్యేదాకా పిల్లల దగ్గరికి రాకూడదనీ హెడ్మాస్టరమ్మ మర్యాదగానే చెప్పింది. డ్రైవర్ తాత లేచాడు. వెళ్తూ వెళ్తూ స్నేహితుడి వైపు తిరిగి, సరిగ్గా ఆయన వైపు కాకుండా రెండడుగులు పక్కకు చూస్తూ అన్నాడు.

"ముప్పై ఏళ్లు నాకోసం ఊదావురా. ఇప్పుడు నామీద ఊదావు."

విజిల్ తాతకు రెండో మనిషి లేకుండా మళ్లీ పదవి ఇవ్వకూడదని సంఘం తీర్మానించింది. బొమ్మల టీచరును ఆయన పైన పెట్టారు. ఆవిడ చేసిన మొదటి పని, ఆయన ఇటుక సరిగ్గా పెట్టాడో లేదో చూడటం. పిల్లల్ని ఇప్పుడు ఇద్దరు పెద్దవాళ్లు సిటీ బస్సులో తీసుకెళ్లి దింపుతున్నారు. ఆ బస్సు కండక్టరుకు విజిల్ తాత చెప్పే సలహాలకు అంతులేదు. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఆయన డ్రైవర్ ఉండే వీధిలోంచి వచ్చేవాడు, తలుపు కొట్టేవాడు, ఎవరూ తీయకపోతే వెళ్లిపోయేవాడు. ఆరు వారాలు అలాగే గడిచాయి. ఆయనకు ఏడుపొచ్చేది. భార్య చూడకుండా ఏడ్చాననుకునేవాడు.

ఏడో వారం బుధవారం, ముసలివాళ్లు క్యారమ్స్ ఆడే వేళ. స్కూల్ నుంచి అమ్మమ్మ కుట్టుకొట్టుకు వెళ్లే పిచ్చుక దారిలో ఆగి మెట్లెక్కి వచ్చింది. కళ్లు తెల్లగా ఉన్నాయి. ఒట్టు సంగతి ఇంకా మరిచిపోలేదని నడుం మీద చేతులు పెట్టుకోవడంలోనే తెలుస్తోంది.

"ఒక సంగతి చెప్పాలి. ఎవరికీ చెప్పనంటేనే."

ఈసారి ఆయన చేతులు ఒళ్లోనే ఉంచుకున్నాడు. "అలా మాటివ్వలేనమ్మా. ఎవరికైనా చెప్పాల్సివస్తే మాత్రం ముందు నీకు చెప్పాకే చెబుతాను. ఆ మాట ఇస్తాను."

పిచ్చుక కాసేపు బేరం తేల్చుకుంటున్నట్టు ఆలోచించింది. "సరే అయితే. డ్రైవర్ తాత కింద నుంచున్నాడు. మెట్లు ఎక్కడ మొదలవుతున్నాయో తెలియట్లేదట. నీకు చెప్పొద్దన్నాడు. నేను ఎక్కించడం కుదరదు, పెద్దవాళ్లని పిలుస్తానని చెప్పేశా."

విజిల్ తాత మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలియదు. కింద డ్రైవర్ తాత మందుల షాపు గోడ పట్టుకుని నిలబడ్డాడు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టుకుంటే అదే చాలని డాక్టరు చెప్పాడట. పిల్ల స్కూల్ నుంచి ఈ దారినే వెళ్తుందని తెలిసి, క్షమాపణ చెప్పాలని వచ్చాడట. అది పూర్తయింది, ఇక పైకి వెళ్లాల్సిన పనిలేదన్నాడు. అయినా గోడ వదల్లేదు, వెనక్కీ తిరగలేదు. విజిల్ తాత ఆయన చెయ్యి తీసి తన భుజం మీద వేసుకున్నాడు. మెట్ల మలుపు దగ్గర ఒకసారి ఊదాడు. డ్రైవర్ తాత ఆగాడు. రెండుసార్లు ఊదాడు. కదిలాడు.

పైన విజిల్ తాత నోటుబుక్కును వెనక నుంచి తెరిచి, ఆసరా కావలసిన పెద్దవాళ్ల పట్టికలో స్నేహితుడి పేరు రాశాడు. రాస్తున్నానని ముందు ఆయనకు చెప్పాకే రాశాడు. బుధవారం తీసుకొచ్చి, మళ్లీ ఇంటి దగ్గర దింపేది ఎవరన్న గడిలో తన సంతకం పెట్టాడు. బొమ్మల టీచరు కళ్లజోడు సవరించుకుని, "నిజంగా వెళ్తారా?" అని అడిగింది.

ఆయన ఆ సాయంత్రం వెళ్లి, దింపి, తిరిగొచ్చి, ఆమె ముందే ఆ సంతకం కింద 'వెళ్లొచ్చాను' అని రాసి ఇంకోసారి సంతకం పెట్టాడు.