చెయ్యి మారిన మోటరు

నా చిన్నప్పుడు మా పశువుల కొట్టంలో రెండెద్దులూ, ఒక బర్రే, ఒక మోటరూ ఉండేవి. మోటరంటే కారు కాదు. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక చెక్కపలకల తొట్టి ఉన్న చిన్న లారీ. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు తమ పాత బండ్లను హర్రాజులో అమ్మేస్తే మా బాపు, అదే మా నాన్న, ఒకటి పాడుకొని తెచ్చాడట. చుట్టుపక్కల ఊళ్ల పత్తిని జమ్మికుంటకు చేర్చడం ఆయన పని. ఎడ్లబండ్లు పొద్దంతా నడిచే దారిని ఆయన అన్నం వేళకు ముందే పోయి వచ్చేవాడట. 'అట' అని ఎందుకంటున్నానంటే, ఆ మోటరు నడుస్తుండగా చూసిన జ్ఞాపకం నాకు కొంచెమే. నాకు బాగా తెలిసింది నిలబడిపోయిన మోటరే.

నాకు ఆరేళ్లప్పుడు బాపుకు జ్వరం పట్టింది. పిల్లకు అంటుకుంటుందని నన్ను అమ్మమ్మ దగ్గరికి పంపించారు. తిరిగి వచ్చేసరికి ఇంట్లో బాపు లేడు. ఎక్కడని అడిగితే మా అవ్వ, అంటే మా అమ్మ, ముఖం తిప్పుకుంది. ఇంటికి వచ్చిన ఒక ముసలమ్మ నా తల నిమిరి, "దూరం పోయిండు బిడ్డా, వస్తడు" అంది. నేను ఆ మాటను పట్టుకున్నాను. పిల్లలకు కొన్ని సంగతులు తెలిసీ తెలియకుండా ఉంటాయి. అవ్వ బోసి నుదురు రోజూ చూస్తూనే ఉన్నాను. బాపు పేరెత్తితే పెద్దవాళ్ల మాటలు ఆగిపోవడం కూడా గమనించాను. అయినా నా నమ్మకం నాకుండేది. మోటరును వదిలి బాపు ఎక్కడికీ పోడు. మోటరు ఇక్కడే ఉంది. కాబట్టి దాని కోసమన్నా వస్తాడు.

రెండు వానాకాలాలు గడిచాయి. కొట్టం కప్పు కారి మోటరు ముందుభాగమంతా తుప్పు పట్టింది. చక్రాలు నేలలోకి దిగబడ్డాయి. ఒక కోడి లోపలికి దూరి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. నేను బడినుంచి రాగానే ఎక్కి బాపు కూర్చునే చోట కూర్చునేదాన్ని. ఆ సీటులో ఆయన కూర్చుని కూర్చుని ఏర్పడిన గుంట ఒకటుండేది. అందులో ముడుచుకుంటే నేను పూర్తిగా పట్టేదాన్ని. ఎదురుగా అద్దంలోంచి కనిపించేది కొట్టం గోడ ఒక్కటే. దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని.

ఆ ఏడు పత్తి బాగా పండింది. పాత ఇనుము కొనే మనిషి ఒకడు కరీంనగర్ నుంచి వచ్చి మోటరు చుట్టూ తిరిగి, తునకలు చేసి బండ్లమీద వేసుకుపోతానన్నాడు. అది విని మా చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, జమ్మికుంట పోయి మోటార్లు బాగుచేసే మిస్త్రీని పిలుచుకొచ్చాడు. మిస్త్రీ మూత ఎత్తి, లోపల చెయ్యిపెట్టి చాలాసేపు తడిమాడు. "ఫికర్ చెయ్యకు పటేలా, పైన తుప్పేగని ఇంజన్ల ఇంక పాణముంది" అని మా తాతతో అన్నాడు. అమ్మాలా, బాగు చేయించాలా అన్నది తాత చెప్పాలి. మా తాత ఎద్దును కొనాలన్నా ఊరంతా నవ్వేంత ఆలస్యం చేసే మనిషి. రేపు చెప్తానని ఇద్దరినీ పంపేశాడు.

ఆ సాయంత్రం వాకిట్లో మంచం మీద కూర్చుని అందరినీ అడిగాడు. చిన్నబాపు బాగు చేయిద్దామన్నాడు. "గిప్పటికైతే అది గుడ్లు పెట్టుడు నేర్చుకున్నది. ఇంకో ఏడాది ఆగితే పిల్లల గూడ లేపుతది" అని నవ్వాడు. అవ్వ తలుపు చాటున నిలబడింది. మామగారి ఎదుటికి వచ్చి మాట్లాడే అలవాటు లేదు ఆమెకు. ఆ రోజు మాత్రం గట్టిగానే అంది. "అమ్మితె అమ్ముండ్రి మామా, నడిపితె నడుపుండ్రి. పేడ తియ్యవోయినప్పుడల్ల దాని మొఖం సూడలేక సస్తున్న. గట్ల పీనుగ లెక్క మాత్రం పెట్టకుండ్రి."

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. అమ్మొద్దు, బాగు చెయ్యొద్దు అన్నాను. "బాపు వచ్చినంక ఆయనే బాగు చేసుకుంటడు. అది బాపు చేతికే నడుస్తది. వేరేటోళ్లకు నడువది" అని అరిచాను. తలుపు చాటున అవ్వ కూలబడిన చప్పుడు వినిపించింది. ఎలాగైనా నవ్వించి మరిపించాలని చిన్నబాపు, "ఓ పొల్లా, గదేమన్న ఎద్దా, చెయ్యి గుర్తువట్టనీకి?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

తాత నన్ను దగ్గరికి తీసుకున్నాడు. నేను చెప్పింది తప్పనలేదు. నిజమే, చెయ్యి మారితే ఒప్పుకోవడం కష్టమే అన్నాడు. బాపు లేకుండా పోయినప్పుడు ఆయన తోలే ఎద్దు మేత ముట్టలేదట. అప్పుడు తాత బాపు గొంగడిని చిన్నబాపుకు కప్పి, కుడితి బొక్కెన చేతికిచ్చి ఎద్దు ముందు నిలబెట్టాడట. తానే దాని మెడ మీద చెయ్యి వేసి, ఆయన ఇక రాడు, ఈయన వచ్చిండు అని చెవిలో చెప్పాడట. ఎద్దు గొంగడిని చాలాసేపు వాసన చూసి, ఆ తరువాత కుడితిలో మూతి పెట్టిందట. మా దిక్కు రైతులు చేసే పనే ఇది. "చెప్పకుంట చెయ్యి మార్చద్దు బిడ్డా. ఎద్దయినా గంతే, మోటరయినా గంతే" అన్నాడు తాత. ఆ మాటతోనే బాగు చేయించడం ఖాయమైంది.

మిస్త్రీ వచ్చి కొట్టంలోనే పని పెట్టుకున్నాడు. ఎద్దులను బయట కట్టేశారు. కిరసనాయిలుతో తుడిచి, ఇటుకముక్కతో గీకి తుప్పు వదలగొట్టాడు. అంతవరకు ఓర్చుకున్నాను కాని, సీటు విప్పి కుళ్లిన పీచంతా తీసి పారేసి, మా చేని పత్తి కూరి కొత్తగా కుట్టినప్పుడు మాత్రం నావల్ల కాలేదు. గుంట పోయింది. సీటు ఎవరూ ఎన్నడూ కూర్చోనట్టు ఉబ్బి కూర్చుంది. ఆ పూట నేను అన్నం తినలేదు. అవ్వ కూడా తినలేదని తరువాత తెలిసింది.

బండిని వాకిట్లోకి తోసి నడిపి చూసే రోజు ఊళ్లో సగం మంది మా ఇంటి ముందే ఉన్నారు. చిన్నబాపు లోపల కూర్చున్నాడు. మిస్త్రీ మోటరు ముందు నిలబడి ఇంజన్‌లోకి ఇనుప కడ్డీ దూర్చి తిప్పాడు. మోటరు దగ్గి ఊరుకుంది. మళ్లీ తిప్పితే ఆ దగ్గు కూడా రాలేదు. "బట్ట తలకు దువ్వెన కొన్నట్టయింది గదవయ్యా" అని గుంపులో ఎవరో అన్నారు. నాకు లోలోపల సంతోషంగా ఉంది. నేను చెప్పలేదా అన్నట్టు తాత వైపు చూశాను.

తాత లోపలికి పోయి బాపు గొంగడి తెచ్చాడు. చిన్నబాపుకు కప్పుతాడనుకున్నాను. నాకు కప్పాడు. నన్నెత్తి చిన్నబాపు పక్కన కూర్చోబెట్టి, నా చెయ్యి తీసి స్టీరింగు చక్రం మీద పెట్టాడు. "నీ మాటే ఇంటది. నువ్వే చెప్పాలె" అన్నాడు.

ఏం చెప్పాలో నాకు తెలుసు. నోరు రాలేదు. గొంగడి గొర్రెబొచ్చు వాసన వేస్తోంది, దాని అడుగున చుట్టపొగ వాసన. మిస్త్రీ కడ్డీ కింద పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చిన్నబాపు నా వైపు చూడకుండా తన చేతులు చూసుకుంటున్నాడు. ఆయన సీటుకు పూర్తిగా ఆనకుండా అంచునే కూర్చున్నాడని అప్పుడే చూశాను. అన్న కూర్చున్న చోట కూర్చోవడం ఆయనకు కూడా కష్టంగానే ఉందని ఆ వయసులోనే ఎందుకో తెలిసింది. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. పొద్దు కొంచెం వాలినట్టు కూడా అనిపించింది.

చివరికి చెప్పాను. "బాపు రాడు. ఇగ చిన్నబాపు తోల్తడు." అంతే. బాపు రాడన్న మాట నా నోటితో నేను అనడం అదే మొదలు. అన్నాక ఏడుపు వచ్చింది, చిన్నబాపు ఒడిలో తల పెట్టి ఏడ్చాను. బయట మిస్త్రీ లేచి ఇంజన్ దగ్గర ఏదో సవరించి కడ్డీ తిప్పాడు. మోటరు ఒక్కసారిగా అందుకుంది. గోడ మీది కోళ్లు ఎగిరిపోయాయి.

పెట్రోలు వచ్చే గొట్టాన్ని మిస్త్రీ అప్పటిదాకా మూసి ఉంచాడనీ, నేను ఆ మాట చెప్పాకే తెరవమని తాత ముందే చెప్పి పెట్టాడనీ నా పెళ్లప్పుడు చిన్నబాపు చెప్పాడు. నాకు కోపం రాలేదు. తాత అప్పటికే లేడు, ఉంటే ఆయన చెయ్యి పట్టుకునేదాన్ని.

మోటరు అందుకున్న ఆ రోజే చిన్నబాపు మమ్మల్ని జమ్మికుంట దారిలో కొంత దూరం తీసుకుపోయాడు. అవ్వ కూడా ఎక్కింది. అద్దంలోంచి గోడ బదులు దారి కనిపించింది. రెండు వైపులా తెల్లగా పత్తి చేలు. బాపు రోజూ చూసింది ఇదన్నమాట అనుకున్నాను. ఆయన ముఖం ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తులేదు. ఆయన చూసిన దారి మాత్రం గుర్తుంది. ఆయన మీద బెంగ కలిగినప్పుడల్లా ఆ దారినే తలుచుకుంటాను.

ఇప్పుడు నాకు రెండేళ్ల కూతురుంది. మంథనిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. పిల్ల మా అత్తమ్మ దగ్గర ఉంటుంది. తిన్నదో లేదో, ఎక్కడ పడుతుందో అని ఇప్పటినుంచే నాకు దిగులు. పిల్ల ఆటలో ఉన్నప్పుడు దొడ్డిదారిన జారుకొమ్మని, అలా అయితే ఏడవదని అందరూ సలహా చెప్తున్నారు. నిజమే, ఏడవదు. తలుపు చూస్తూ కూర్చుంటుంది. ఆ చూపు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అందుకే వాకిట్లో దాని ముందు కూర్చుని, పోతున్నాననీ, పొద్దుగూకేసరికి వస్తాననీ, అందాకా నానమ్మ ఎత్తుకుంటుందనీ చెప్పే పోతాను. అది ఏడుస్తుంది. ఏడ్చి, నన్ను కొట్టి, అలిసిపోయి, తల ఊపేదాకా కూర్చుంటాను. బస్సు పోతే పోనీ, ఇంకొకటి వస్తుంది.